వంద సైకిళ్ల రొద

1986 ప్రాంతంలో విజయవాడలో పాటలు స్టీరియోలో వినాలని ముచ్చటపడ్డ మధ్యతరగతి మనిషికి కంపెనీ సెట్టు అందేది కాదు. ఏలూరు రోడ్డుకు అటూ ఇటూ ఉన్న సందుల్లో అసెంబుల్ చేసి అమ్మే షాపులే దిక్కు. రేకు కేబినెట్టు, ముందు అల్యూమినియం ప్లేటు మీద బాస్, ట్రెబుల్, బ్యాలెన్స్ అని అచ్చు, వెనక నల్లరంగు హీట్ సింకుల మీద నాలుగు 2ఎన్3055 ట్రాన్సిస్టర్లు. పాటకు తగ్గట్టు ఎగిరిపడే ఎర్రలైట్ల వరస కూడా ఉంటే రేటు ఇంకాస్త పెరిగేది. కొనడానికొచ్చినవాళ్లు ఆ లైట్ల గురించి అడిగేవాళ్లు, వాట్ల గురించి అడిగేవాళ్లు. పాట ఆగిపోయాక స్పీకర్లోంచి వచ్చే రొద గురించి అడిగేది నూటికొకరు. ఆ ఒక్కరి కోసం రాత్రి పొద్దుపోయేదాకా బల్ల ముందు కూర్చునే మనిషి దగ్గర నేను పని నేర్చుకున్నాను.

ఆయన్ని బాబాయ్ అనేవాణ్ణి. చుట్టరికం లేదు, మా నాన్న స్నేహితుడు. ఎయిర్‌ఫోర్సులో వైర్‌లెస్ మెకానిక్‌గా పదిహేనేళ్లు చేసి, పెన్షను పుచ్చుకుని వచ్చి గవర్నర్‌పేటలో మూడు బల్లలు పట్టే గది అద్దెకు తీసుకున్నారు. నేను పాలిటెక్నిక్‌లో ఈసీఈ చదువుతూ సాయంత్రాలు అక్కడ చేరేవాణ్ణి. మొదట్లో పనంటే పాత బోర్డుల్లోంచి కండెన్సర్లు ఊడదీయడం, రెసిస్టర్లు రంగులు చూసి డబ్బాల్లో సర్దడం, టీ తేవడం. కొన్నాళ్లకు సోల్డరింగ్ ఐరన్ చేతికిచ్చారు. ఆయనకు మాట తక్కువ. ఏదైనా ఒకసారే చెప్తారు, రెండోసారి అడిగితే మీటరు అందిస్తారు.

అప్పట్లో యాంప్లిఫయర్ బోర్డులు బజారులో రెడీమేడుగా దొరికేవి. గోధుమరంగు హైలం షీటు, దానికి ఒకవైపే రాగి. ఎవరు తయారుచేసినా లోపలి సర్క్యూట్ దాదాపు ఒకటే. ముందు రెండు చిన్న ట్రాన్సిస్టర్లు, మధ్యలో ఒకటి, ఆ తర్వాత బీడీ139, బీడీ140 జంట, చివర్లో రెండు 3055లు. పైదీ కిందిదీ రెండూ ఎన్‌పీఎన్‌లే. ఒకదానికొకటి జోడీ కుదిరే పెద్ద ఎన్‌పీఎన్, పీఎన్‌పీ ట్రాన్సిస్టర్లు దొరకని రోజుల్లో, 1956లో, ఆర్‌సీఏ కంపెనీలో హెచ్.సి. లిన్ అనే ఇంజినీరు ఈ ఏర్పాటు కనిపెట్టారు. ఆ కొరత అమెరికాలో తీరిపోయి ఎన్నో ఏళ్లయినా మా సందులో మాత్రం తీరలేదు. 3055కు జోడీ అయిన ఎంజే2955 ఎప్పుడోగానీ దొరికేది కాదు, దొరికినా రేటెక్కువ. అందుకని లిన్ గారి పద్ధతే మాకు అన్నం పెట్టింది.

ఆ బోర్డులు పని చేసేవి. పాట బాగానే పాడేవి. కాకపోతే పాట ఆపేసి, వాల్యూం పూర్తిగా తగ్గించి, స్పీకరు దగ్గర చెవి పెడితే బర్ర్‌మని ఒకటే రొద. కొందరు ట్రాన్స్‌ఫార్మరు మార్చేవాళ్లు, కొందరు కెపాసిటరు పెద్దది వేసేవాళ్లు. రెండు వేల రెండొందలది తీసి నాలుగు వేల ఏడొందల మైక్రోఫారడ్లది వేస్తే రొద తగ్గాల్సింది పోయి ఒక్కోసారి పెరిగేది కూడా. ఈ పెరగడమే బాబాయిని పట్టుకుంది. "మ్మ్ అని మెత్తగా వస్తే ట్రాన్స్‌ఫార్మరు. బర్ర్ అని గరుగ్గా వస్తే గ్రౌండు" అనేవారు. మొదటిది యాభై సైకిళ్లు, రెండోది వంద. హెర్ట్జ్ అనే మాట ఆయన నోట నేను వినలేదు.

ఒకరోజు షట్టరు సగం దించాక నన్ను కూర్చోబెట్టి చూపించిన సంగతి ఇది. బోర్డుకు కరెంటు ఇచ్చారు. ప్లస్ సప్లయికీ గ్రౌండుకూ మధ్య ఒక పెద్ద వైరువౌండ్ రెసిస్టరు తగిలించి కరెంటు బాగా లాగేలా చేశారు. జేబు రేడియో ఇయర్‌ఫోన్ ఒకటి తెచ్చి, దాని రెండు వైర్ల కొసలకు గుండుసూదులు సోల్డరు చేసి ఉంచుకున్నారు అప్పటికే. ఒక సూది రెండు ఫిల్టరు కెపాసిటర్ల మధ్య గ్రౌండు మీద గుచ్చారు. ఇంకో సూది నా చేతికిచ్చి, "ఇన్‌పుట్ గ్రౌండు మీద పెట్టు" అన్నారు. ఇయర్‌ఫోన్ నా చెవిలో ఉంది. పెట్టగానే బర్ర్.

"రెండూ గ్రౌండే కదరా అబ్బాయ్. పుస్తకంలో రెండిటికీ ఒకటే గుర్తు. మరి మధ్యలో పాడేదెవరు?"

సూదిని రాగి మీద కొంచెం కొంచెం జరుపుతూ పొమ్మన్నారు. కెపాసిటర్ల వైపు జరిపితే రొద సన్నబడుతోంది, ఇన్‌పుట్ వైపు జరిపితే పెరుగుతోంది. అదే గీత, అదే రాగి, ఎక్కడా తెగలేదు. మీటరు పెట్టి ఓమ్‌లు చూస్తే సున్నా. ఆ సున్నా దగ్గర కదలకుండా ఉన్న ముల్లును చూస్తూ చెవిలో ఆ గోల వినడం నాకిప్పటికీ మరపు రాదు.

లెక్క ఆ తర్వాత నేను కాలేజీ పుస్తకాలు తిరగేసి కట్టుకున్నాను. మామూలు బోర్డు మీద రాగి మందం 35 మైక్రాన్లు. అంత పలచటి రేకులోంచి చదరంగా ఎంత ముక్క కోసినా, చిన్నదైనా పెద్దదైనా, ఈ అంచు నుంచి ఆ అంచుకు దాదాపు అర మిల్లీఓమ్. రెండు మిల్లీమీటర్ల వెడల్పుతో అరవై మిల్లీమీటర్లు సాగిన గీతలో అలాంటి చదరాలు ముప్ఫై, అంటే పదిహేను మిల్లీఓమ్‌లు. మా మీటరుకు అది సున్నాయే. ఇక కరెంటు సంగతి. కెపాసిటరు ఎప్పుడూ నింపుకుంటూ కూర్చోదు. ఏసీ శిఖరానికొచ్చిన ఒకటి రెండు మిల్లీసెకన్లలోనే గబగబా తాగేసి మిగతా కాలమంతా ఖర్చు పెడుతుంది. అందువల్ల సగటున ఒక ఆంపియరు లాగే సెట్టులో ఆ గుక్క అయిదారు ఆంపియర్లకు పోతుంది, సెకనుకు వందసార్లు. కెపాసిటరు పెద్దదైతే గుక్క ఇంకా పొట్టిదై ఇంకా ఎత్తుగా లేస్తుంది. ఆ గుక్క పదిహేను మిల్లీఓమ్‌లలో వెళ్తే డెబ్బై ఎనభై మిల్లీవోల్టులు. మా యాంప్లిఫయరు ఫీడ్‌బ్యాక్‌లో 22 కిలోఓమ్‌లు, 680 ఓమ్‌లు ఉండేవి. అంటే ఇన్‌పుట్‌లో ఏది దొర్లినా ముప్ఫైమూడింతలు చేసి స్పీకరుకు ఇస్తుంది. మిల్లీవోల్టు చాలు, వినపడటానికి.

బాబాయి ఇవేవీ లెక్క కట్టలేదు. ఆయన చెప్పిన తీరు కృష్ణా డెల్టా మనిషి చెప్పే తీరు. "పై ఊళ్లో లాకులెత్తితే మన తూము దగ్గర మట్టం లేస్తుందా లేదా? నీళ్లు మనం తీసుకోకపోయినా లేస్తుంది. ఇన్‌పుట్టూ, కెపాసిటరూ ఒకే కాలవ మీద ఉన్నాయి. అదీ సంగతి."

చేసిన మరమ్మతు పావుగంట పని. బ్లేడు తీసుకుని ఇన్‌పుట్ గ్రౌండు గీతను కెపాసిటర్ల వైపు నుంచి కోసేశారు. రెండు కెపాసిటర్లనూ దగ్గరగా మందపాటి రాగితీగతో కలిపి, ఆ తీగ మధ్యలోంచి ఒక పొట్టి తోక తీసి, తోక చివర ఒక బోల్టు బిగించారు. స్పీకరు గ్రౌండు, ఇన్‌పుట్ గ్రౌండు, కేబినెట్టు, అన్నీ వేరువేరు వైర్లతో ఆ బోల్టుకే. తోక ఎందుకని అడిగాను. నింపుకునే గుక్కలు ఆ రెండు కెపాసిటర్ల మధ్య తీగలోనే తిరుగుతాయి, తోకలోకి రావు. మళ్లీ స్విచ్ వేసి స్పీకరుకు చెవి ఆనిస్తే, కోన్ దగ్గర సన్నటి స్స్ తప్ప ఏమీ లేదు. ఆ రాత్రి ఇళయరాజా పాటల కేసెట్టు పెట్టి విన్నాం. పాటకూ పాటకూ మధ్య ఖాళీల్లో టేపు హిస్సు వినపడటం నాకదే మొదలు. అంతకుముందు ఆ హిస్సును రొద మింగేసేది.

ప్రతి బోర్డుకూ ఇదే ఆపరేషను చేస్తూ పోగా పోగా, ఓనాడు, "కొనుక్కొచ్చి కోసుకునే బదులు మనమే గీసుకుంటే పోలా?" అన్నారు. గీసే పని నా మీద పడింది. కాలేజీలో లేఅవుట్ అంటే నేర్పింది గీతలు ఒకదాన్నొకటి దాటకుండా, జంపర్లు తక్కువ పడేలా, బోర్డు చిన్నదయ్యేలా ఇరికించడం. అంగుళంలో పదో వంతు గడులున్న గ్రాఫు కాగితం మీద అలాగే మొదలుపెట్టబోతే ఆపారు. "పార్టులు తర్వాత. ముందు కరెంటు ఎక్కడ బయల్దేరి, ఎటు తిరిగి, ఎక్కడ ఇల్లు చేరుతుందో గీయి." ఎర్ర పెన్సిలు పెద్ద కరెంటుకు, నీలం పెన్సిలు పాటకు.

గీస్తే తెలిసింది, ఈ రకం యాంప్లిఫయరులో పెద్ద కరెంటు ఎంత చిత్రమైనదో. పాట పైకి లేచిన అరసైకిలుకు ప్లస్ కెపాసిటరు నుంచి పై ట్రాన్సిస్టరు గుండా స్పీకరులోకి వెళ్లి కెపాసిటర్ల మధ్యకు చేరుతుంది. కిందికి దిగిన అరసైకిలుకు స్పీకరులోంచి కింది ట్రాన్సిస్టరు గుండా మైనస్ కెపాసిటరుకు. ప్లస్ గీతలో పాటలో పైసగం మాత్రమే ఉంటుంది, మైనస్ గీతలో కిందిసగం. విడివిడిగా చూస్తే రెండూ పాట కావు, తెగ్గోసిన ముక్కలు. నాలుగు ఓమ్‌ల స్పీకరు తగిలిస్తే అవి అయిదు ఆంపియర్ల ముక్కలు. బజారు బోర్డుల్లో ప్లస్ గీత ఒక అంచున, మైనస్ గీత ఇంకో అంచున వెళ్లేవి, చూడ్డానికి సౌష్ఠవంగా ఉంటాయని కాబోలు. బాబాయి ఆ రెండిటినీ పక్కపక్కన నడిపించమన్నారు. విమానాల్లో వైర్లు మెలిపెట్టి నడుపుతారని, విడదీస్తే పక్క వైరులోకి గోల పాకుతుందని ఆయనకు సర్వీసులో తెలిసిన విషయం. రెండు సగాలూ పక్కపక్కన నడిస్తే బయటివాడికి అవి కలిసి నిండు పాటలాగే కనపడతాయి, ఇన్‌పుట్ దగ్గర చెత్త పేరుకోదు.

నీలం పెన్సిలు గీత ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిదన్నారు. వాల్యూం కంట్రోలు నుంచి వచ్చే వైరు, దాని గ్రౌండు, మొదటి ట్రాన్సిస్టరు, ఫీడ్‌బ్యాక్ తిరిగి వచ్చే చోటు, ఇవన్నీ రూపాయి బిళ్ల వెడల్పులో ఉండాలి. ఇన్‌పుట్‌లోని రెండు బీసీ557లను ఒకదాని చదును ముఖం ఒకదానికి ఆనేలా పెట్టి, చుట్టూ రాగితీగ కట్టేవాళ్లం, రెండూ ఒకే వేడిలో ఉండటానికి. బయాస్ పెట్టే ట్రాన్సిస్టరు మాత్రం బోర్డు మీద ఉండకూడదు. 3055ల హీట్ సింకుకు దాన్ని బిగించాలి. వేడెక్కేకొద్దీ 3055లు ఎక్కువ కరెంటు లాగుతాయి, లాగేకొద్దీ ఇంకా వేడెక్కుతాయి. ఆ సంగతి బయాస్ ట్రాన్సిస్టరుకు వెంటనే తెలిస్తేనే అది వాటిని వెనక్కి లాగుతుంది. దానికోసం మూడు కాళ్లకు పొడవాటి వైర్లు తీయకుండా, ఆ ట్రాన్సిస్టరు ఎక్కడ పడుతుందో చూసుకుని బోర్డు అంచు అక్కడికి వచ్చేలా గీశాం. హీట్ సింకు ముందు, బోర్డు తర్వాత.

గీసిన తర్వాత బోర్డు చేయడం వేరే పండగ. గ్రాఫు కాగితం మీద గీసింది పార్టుల వైపు నుంచి చూసిన బొమ్మ, రాగి అవతలి వైపు. ట్రేసింగ్ పేపరు తిరగేసి, కార్బను పెట్టి రాగి మీద దించాలి. ఇత్తడి సామాన్లు తోమే పొడితో రుద్ది, చెయ్యి తగలకుండా ఆరబెట్టిన రాగి మీద సన్నటి బ్రష్షుతో ఎనామిల్ పెయింటు. పిన్నుల చుట్టూ గుండ్రాలకు మా చెల్లెలి నెయిల్ పాలిష్ వాడేవాణ్ణి, అది త్వరగా ఆరుతుంది, అంచు నిలుస్తుంది. ఫెర్రిక్ క్లోరైడ్ గడ్డలు నీళ్లలో వేస్తే గిన్నె వేడెక్కి పొగలొచ్చేది. స్టీలు గిన్నె పనికిరాదు, తినేస్తుంది. ప్లాస్టిక్ ట్రేలో పోసి అటూ ఇటూ ఊపుతూ కూర్చోవాలి. మొదట రాగి గులాబీరంగుకు మారుతుంది, తర్వాత అంచుల నుంచి కరగడం మొదలై, మధ్యలో చివరికి మిగిలిన మచ్చ కూడా మాయమై గోధుమరంగు హైలం బయటపడుతుంది. ఆ మచ్చ పోయిన క్షణాన తీసేయాలి. ఇంకా ఉంచితే పెయింటు కిందకు చొరబడి సన్నగీతల్ని కొరుకుతుంది. మా ఇంటి పెరట్లో గచ్చు మీద పడ్డ చుక్కలు ఎంత తోమినా పోలేదు. ఇల్లు అమ్మేదాకా అమ్మ వాటిని చూపించి సాధించేది.

ఎర్ర పెన్సిలు గీతలన్నీ బోర్డు మీద కూడా లావుగా ఉండేలా చూసేవాళ్లం. చాలదనిపిస్తే గీత పొడవునా రాగితీగ పరిచి దాని మీద లెడ్డు పారించేవాళ్లం. అందంగా ఉండదు. ఇప్పుడు ఫొటోలు తీసి పెట్టే కుర్రాళ్లు చూస్తే ముఖం చిట్లిస్తారు.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు సీరీస్ బోర్డు తప్పనిసరి. వంద వాట్ల బల్బు గుండా వెళ్లాకే ట్రాన్స్‌ఫార్మరుకు కరెంటు. స్విచ్ వేయగానే బల్బు ఒక్కసారి వెలిగి, కెపాసిటర్లు నిండగానే ఎర్రటి దారం మిగిల్చి ఆరిపోతే అంతా బాగున్నట్టు. వెలిగినది వెలిగినట్టే ఉంటే ఎక్కడో షార్టు. అప్పుడు మైకా వాషరు చిరిగిందేమో చూడాలి. ముందు అదే చూడాలి. 3055కు డబ్బా మొత్తం కలెక్టరే గనక, వాషరుకు చిన్న రంధ్రం పడ్డా హీట్ సింకుకు సప్లయి తగులుతుంది.

మాకు ఆసిలోస్కోపు లేదు. యాంప్లిఫయరు పాడకుండా తనలో తను ఊగుతోందా అని తెలుసుకోవడానికి బాబాయి వాడింది పక్కన పెట్టిన జేబు రేడియో. ఏ స్టేషనూ రాని చోట ముల్లు పెట్టి, యాంప్లిఫయరు స్విచ్ వేసేవారు. రేడియోలో స్స్ శబ్దం మారినా, సన్నటి ఈల వచ్చినా ఎక్కడో ఊగులాట ఉన్నట్టే. రెండో గుర్తు అవుట్‌పుట్ దగ్గర ఉండే పది ఓమ్‌ల రెసిస్టరు. దానికి వరసలో 0.1 మైక్రోఫారడ్ కండెన్సరు ఉంటుంది. పాట మీద ఆ రెసిస్టరు చల్లగా ఉండాలి, అంత తక్కువ ఫ్రీక్వెన్సీకి ఆ కండెన్సరు దారివ్వదు. వేలు పెడితే చురుక్కుమంటే లక్షల సైకిళ్లలో ఏదో జరుగుతోంది. నివారణ మళ్లీ బోర్డు మీదే. 3055లకు వెళ్లే వైర్లు పొట్టివి చేయడం, సప్లయి కెపాసిటరు ఎక్కడో ఉన్నా ట్రాన్సిస్టర్ల కాళ్ల దగ్గరే మరో 0.1 వేయడం. ఈ పది ఓమ్‌ల రెసిస్టరు గ్రౌండు వైరు నీలం గీతల జోలికి రాకుండా బోల్టుకే పోవాలి. దాన్ని దగ్గరుంది కదా అని ఇన్‌పుట్ గ్రౌండుకు కలిపిన బజారు బోర్డులు ఎన్నో చూశాను.

జేబు రేడియోతో సాయం పొందినవాళ్లమే, రేడియో చేత చిక్కుల్లో పడ్డ సందర్భమూ ఉంది. మేం చేసి ఇచ్చిన సెట్టు ఒక ఇంట్లో, కేసెట్టు పెట్టకుండానే, సన్నగా వార్తలు చదివింది. వాళ్లు దయ్యమనుకోలేదు గానీ డబ్బులు మాత్రం ఆపారు. వెళ్లి వింటే విజయవాడ ఆకాశవాణి, 837 కిలోహెర్ట్జ్. ఇన్‌పుట్ వైరు ఏరియల్‌గా మారి, మొదటి ట్రాన్సిస్టరు బేసూ ఎమిటరూ కలిసి డయోడు పని చేసి, రేడియో తయారైంది. 2.2 కిలోఓమ్‌ల రెసిస్టరు ఒకటి వరసలో, 470 పీకోఫారడ్ల సిరామిక్ కండెన్సరు గ్రౌండుకు వేస్తే సరిపోయింది. కాకపోతే ఆ కండెన్సరును సాకెట్ దగ్గర వేస్తే రేడియో ఆగలేదు, ట్రాన్సిస్టరు కాలి పక్కన వేసినప్పుడే ఆగింది. ఆ తర్వాత గీసిన ప్రతి బోర్డులో ఆ రెండిటికీ చోటు ముందే ఉంది.

చదువయ్యాక ఉద్యోగం హైదరాబాదులో. సాయంత్రాలు కోఠి గుజరాతీ గల్లీలో తిరగడం అలవాటైంది. అక్కడ దొరకని పార్టు లేదు, నమ్మదగ్గ 3055 దొరకడమే కష్టం. లెక్కకు 15 ఆంపియర్లు, 60 వోల్టులు, 115 వాట్లు తట్టుకోవాల్సిన ట్రాన్సిస్టరు పాట గట్టిగా పెట్టగానే పోయేది. పోయినదాని మూత హాక్సా బ్లేడుతో కోసి చూస్తే లోపల సిలికాన్ ముక్క అసలుదానిలో సగం కూడా ఉండేది కాదు. మీద అచ్చు మాత్రం నిఖార్సు.

ఆ ఉద్యోగంలోనే, మా ఆఫీసు లైబ్రరీకి వచ్చే ఎలక్ట్రానిక్స్ వరల్డ్ ప్లస్ వైర్‌లెస్ వరల్డ్ పత్రికలో 1993లో మొదలుపెట్టి డగ్లస్ సెల్ఫ్ వరసగా రాసిన వ్యాసాలు చదివాను. పవర్ యాంప్లిఫయర్లలో పుట్టే డిస్టార్షన్‌కు ఆయన ఏడు కారణాలు చెప్పి, వాటికి నంబర్లిచ్చారు. మొదటి నాలుగూ ట్రాన్సిస్టర్లవి, సర్క్యూట్‌వి. అయిదోది డీకప్లింగ్ కెపాసిటరు గ్రౌండును తప్పు చోట కలపడం. ఆరోది సప్లయి గీతల్లోని అరసైకిళ్లు ఇన్‌పుట్‌లోకి పాకడం. ఏడోది ఫీడ్‌బ్యాక్‌ను సరైన బిందువు దగ్గర కాకుండా పక్కనుంచి తీసుకోవడం. అంటే ఏడింటిలో మూడు సర్క్యూట్ బొమ్మలో కనపడనే కనపడవు, బోర్డు గీసేవాడి చేతిలోంచి పుడతాయి. కొలతలతో సహా ఉంది అంతా. పక్కపక్కన నడిపించమన్న మాటకు గ్రాఫు దొరికింది. మేం బాబాయి షాపులో ఫీడ్‌బ్యాక్ గీతను అవుట్‌పుట్ దగ్గరున్న రెండు 0.33 ఓమ్‌ల రెసిస్టర్లు కలిసే చోట, సరిగ్గా మధ్యలోంచి తీసేవాళ్లం. అక్కడ అటూ ఇటూ ఒక అరంగుళం జరిగితే ఏమవుతుందో అందులో చదివి తెలుసుకున్నాను.

వ్యాసాలన్నీ జిరాక్స్ తీయించుకుని సంక్రాంతికి విజయవాడ పట్టుకెళ్లాను. బాబాయి కళ్లజోడు సర్దుకుని, ఇంగ్లీషు వదిలేసి బొమ్మలు మాత్రం తిరగేశారు. ఆరో కారణం దగ్గర కాస్త ఆగారు.

"ఈయన దగ్గర మంచి మీటరు ఉందిరా" అన్నారు.

"మీరు చెప్పిందే రాశాడు బాబాయ్."

"నేను చెప్పానా? చెవికి బాగుందన్నాను. ఈయన ఎందుకు బాగుందో చెప్పాడు. రెండూ ఒకటెట్లా అవుతాయి?" అని, ఆ కాయితాలు బల్ల సొరుగులో పెట్టుకున్నారు. తిరిగి ఇవ్వలేదు.

ఆ తర్వాతి కాలం త్వరగా మారింది. పెయింటు బ్రష్షు పోయి, లేజరు ప్రింటు తీసిన నున్నటి కాగితాన్ని రాగి మీద పెట్టి ఇస్త్రీ పెట్టెతో దించే పద్ధతి వచ్చింది. పత్రికల అట్టల్లాంటి కాగితం ప్రింటరులో పెడతానంటే జిరాక్స్ షాపువాళ్లు ఒప్పుకునేవాళ్లు కాదు, డ్రమ్ము పాడవుతుందని. తర్వాత కంప్యూటరులో గీయడం, ఫైలు పంపితే ఆకుపచ్చ మాస్కుతో, తెల్లటి అక్షరాలతో, రెండువైపులా రాగితో బోర్డు ఇంటికి రావడం. నేనిప్పుడు కైక్యాడ్‌లో గీస్తాను. గ్రెనోబుల్‌లో జాన్-పియెర్ షరా 1992లో మొదలుపెట్టిన ఆ సాఫ్ట్‌వేరు ఉచితంగా దొరుకుతుంది, అప్పటి మా గ్రాఫు కాగితానికి మాత్రం డబ్బులు పెట్టేవాళ్లం. దానిలో నాకు నచ్చనిది ఒకటే. ఖాళీ ఉన్న చోటంతా గ్రౌండు రాగితో నింపేసే మీట ఒకటుంది. నొక్కితే బోర్డు చూడముచ్చటగా తయారవుతుంది. పాతరకం యాంప్లిఫయరులో ఆ నింపుడు ఎన్ని కరెంట్లను ఒకే చోట కలిపేస్తుందో స్క్రీన్ మీద ఎక్కడా కనపడదు.

ఇందులో మా మేనల్లుడితో నాకు పేచీ. వాడు బెంగళూరులో ఉంటాడు. టీపీఏ3116 చిప్పుతో క్లాస్ డీ యాంప్లిఫయరు చేశాడు. అది సెకనుకు నాలుగు లక్షలసార్లు, ఇంకా పైన కూడా స్విచ్ అవుతుంది. అంత వేగంలో పొడవాటి వైర్లతో ఒక బోల్టుకు చేర్చే మా పద్ధతి పెడితే ప్రతి వైరూ ఏరియలే. అక్కడ వాడిది రైటు. కింద పొర నిండా గ్రౌండు, చిప్పు కాళ్లకు ఒకటి రెండు మిల్లీమీటర్ల దూరంలో కండెన్సర్లు, తయారీదారు డేటాషీటులో చూపిన అమరికను ముట్టుకోకుండా ఉంచడం. ఆ బోర్డు నేను విన్నాను, నిశ్శబ్దంగా ఉంది. అన్నీ ఒకే బోల్టుకు చేర్చే ఆ స్టార్ గ్రౌండే వేదమని పట్టుకుని కూర్చునేవాళ్లను నేనూ చూశాను, వాళ్లతో నాకు పడదు.

ఇప్పుడు వాడు రికార్డు ప్లేయరు కోసమని ఎల్ఎం3886తో పాతరకందే చేస్తానంటున్నాడు. ఎన్నో ఏళ్లుగా ఇళ్లల్లో చేసుకునేవాళ్లు విడవకుండా వాడుతున్న చిప్పు అది. స్క్రీను ఫొటో పంపితే చూశాను. చాలామట్టుకు బాగా గీశాడు, ఫీడ్‌బ్యాక్ రెసిస్టరు చిప్పు కాళ్లకు ఆనుకునే ఉంది. స్పీకరు గ్రౌండును మాత్రం బోర్డు మీదకు తెచ్చి, నింపిన రాగి గుండా కెపాసిటర్లకు పంపాడు. దాన్ని బోర్డు మీదకు రానీయకుండా నేరుగా సప్లయి దగ్గరకే తీసుకెళ్లమన్నాను. సిమ్యులేషన్‌లో తేడా రావట్లేదన్నాడు. సిమ్యులేషన్‌లో రాగికి ఓమ్‌లు పెట్టావా అని అడిగాను. కాసేపటికి ఇంకో ఫొటో వచ్చింది. స్పీకరు గ్రౌండుకు బోర్డు మీద విడి ద్వీపం ఒకటి చేసి, దానికీ పక్కనున్న రాగికీ మధ్య జంపరుకు చోటు పెట్టాడు. జంపరు వేస్తే వాడి పద్ధతి, వేయకుండా వైరు లాగితే నాది. అయిదు బోర్డులు ఆర్డరు పెట్టేశాడు.